తంబాకు రుద్దిన అద్దం

మీ కళ్ల ముందు వాన పడుతుంటే, అది వానేనని ఇంకెవరో తేల్చేదాకా మీ చెయ్యి ఎందుకు కదలదు?

ఈ ప్రశ్నను నేను వేరే మాటల్లో చాలా ఊళ్లలో అడిగాను. కాలేజీలో చదివే రోజుల్లో కొందరం కలిసి బాణామతి, చేతబడి భయాల మీద సభలు పెట్టేవాళ్లం. చందూర్‌లో, కోటగిరిలో, నందిపేట్‌లో, పొద్దు వాలే వేళకు జనం పొలాల నుంచి తిరిగొచ్చాక, ఏ ఇంటి అరుగో మా వేదిక అయ్యేది. దానంతట అదే కదిలే గిన్నె, దానంతట అదే అంటుకునే బట్ట, ఇవేవీ వాటంతట అవి జరగవని, వెనకాల ఒక చెయ్యో ఒక కారణమో ఉంటుందని గొంతు బొంగురుపోయేదాకా చెప్పేదాన్ని. అవతలి పక్షాన వాదించే పెద్దమనుషులు ఉండేవాళ్లు. వాళ్ల మీద నాకు కోపం కంటే ఇష్టమే ఎక్కువ. ప్రశ్న అడిగితే లేచి వెళ్లిపోకుండా జవాబు వెతికేవాళ్లు. "కారణం లేకుండా కదిలింది ఒక్కటి చూపించండి" అని సవాలు విసిరి అరుగు దిగేదాన్ని.

చాలా ఏళ్ల తర్వాత ఆ ఒక్కటీ నా సొంత కారులోనే కదిలింది. చూపించింది మా అవ్వ.

అవ్వ అంటే మా అమ్మ. బీడీలు చేసేది. మా బాపు బోధన్ అడ్డా మీద ఒక సేటు గారి అంబాసిడర్‌ను కిరాయికి నడిపేవాడు. ఎనభైల నాటి మాట ఇది. నిజామాబాద్ నుంచి ప్రయాణికులను తేవడానికి బాపు ఖాళీ బండితో వెళ్లాల్సి వచ్చినప్పుడు అవ్వనూ నన్నూ ఎక్కించుకునేవాడు. ముందు సీటు ఒకటే పొడవాటి పరుపు. కిటికీ పక్కన అవ్వ, నడుమ నేను, అటు బాపు.

ఎండాకాలమంతా బాపు వైపర్లను ఊడదీసి, పాత పేపర్లో చుట్టి సీటు కింద పెట్టేవాడు, ఎవరైనా ఎత్తుకుపోతారని. మొదటి మబ్బు కనబడగానే వాటిని తీసి బిగించేవాడు. ఆ తర్వాతి పని అవ్వది. బీడీల చాటలో మిగిలిన తంబాకు పొడిని గుడ్డలో మూటకట్టి, నీళ్లలో ముంచి, అద్దమంతా రుద్దేది. ఆ రోజుల్లో డ్రైవర్లలో చాలామంది చేసే పనే. తంబాకు రుద్దిన అద్దం మీద నీళ్లు బొట్లు బొట్లుగా నిలవవు, పలచని పొరలా పరుచుకుని జారిపోతాయి. ఇందులో మంత్రం లేదు. ఎవరు రుద్దినా పనిచేస్తుంది, పొద్దున రుద్దినా పనిచేస్తుంది, నమ్మకుండా రుద్దినా పనిచేస్తుంది. అందుకే నేను దాన్ని ఒప్పుకుంటాను.

ఆ ప్రయాణాలు నాకు ఇప్పటికీ సగం నిద్రలోనే గుర్తొస్తాయి. వానలో రోడ్డు ఉండేది కాదు. రోడ్డు ఉండాల్సిన చోట ఒక వెలుతురు ఉండేది. రెండు పక్కలా చెరకు తోటలు నీళ్ల కింద మొలిచినట్టు ఊగేవి. కారులో తంబాకు వాసన, తడిసిన సీటు వాసన, బాపు చొక్కా వాసన. వైపర్ అటు పోయేటప్పుడు ఒక చప్పుడు, ఇటు వచ్చేటప్పుడు ఇంకో చప్పుడు, ఆ రెండింటి నడుమ నేను నిద్రలోకి జారేదాన్ని. హఠాత్తుగా చప్పుడు ఆగిపోయేది. ఆ వైపర్ మోటారుకు బలం లేదు, అద్దం నడుమకు వచ్చి అలసిపోయి నిలబడేది. అవ్వ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ముందుకు వంగి, వైపర్‌ను ఒక్క తోపు తోసేది. మళ్లీ చప్పుడు మొదలయ్యేది. అవ్వ తడి చేతిని నా తలకు తుడిచేది. ఆ చల్లదనంతో నాకు నిద్ర ఇంకా గట్టిగా పట్టేది.

బాపు ముసలితనంలో కళ్లకు పొర కమ్మింది. స్టీరింగ్ వదిలేశాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని, మంచి ఎండలో, "వాన పడుతుందా?" అని అడిగేవాడు. లేదంటే నమ్మేవాడు కాదు. అరచేతిని గాలిలో అటూ ఇటూ ఆడించేవాడు. కొన్నాళ్లకు పోయాడు.

బాపు పోయాక అవ్వకు దగ్గు ముదిరింది. జీవితమంతా పీల్చిన పొగాకు దుమ్ము ఊరికే పోదు కదా. ఛాతీ డాక్టరుకు చూపించడానికి తరచు నిజామాబాద్ వెళ్లాలి. బస్సులో ఆ తొక్కిసలాటలో ఆమెకు ఊపిరి ఆడేది కాదు. రెండువేల దశకం చివరి ఏళ్లు అవి. నేను బోధన్‌లో పంతులమ్మను. స్కూలు మైదానంలో డ్రైవింగ్ నేర్చుకుని ఒక పాత కారు కొన్నాను. పాతదే అయినా పెద్దింటి కారు. హైదరాబాద్ నుంచి దాన్ని తెచ్చిన ఏజెంటు దాని గుణగణాలు చెప్తూ చెప్తూ చివరికి అసలు గొప్పదనం చెప్పాడు. వాన పడితే వైపర్లు వాటంతట అవే తిరుగుతాయట.

"మీరేం ఆలోచించాల్సిన పని లేదు మేడం" అన్నాడు.

ఈ మాటను నేను బాబాల నోట విన్నాను, మంత్రగాళ్ల నోట విన్నాను, విన్న ప్రతిసారీ లేచి నిలబడి అడ్డుకున్నాను. కారు అమ్మే మనిషి నోట వినేసరికి మాత్రం సంతోషంగా తాళాలు అందుకున్నాను.

మొదటి వానాకాలమే నాకు దాని సంగతి తెలిసింది. తుంపర పడి అద్దమంతా తట్టు పోసినట్టయినా అది కదలదు. నేను మెడ చాచి, బొట్ల సందుల్లోంచి రోడ్డు వెతుక్కుంటుంటే, ఇక లాభం లేదని నేను అనుకున్న క్షణానికి ఒక్కసారి తుడిచి మళ్లీ పడుకుంటుంది. కుండపోతలో నిదానంగా, ఆలోచిస్తూ తిరుగుతుంది. వాన వెలిసి ఎండ వచ్చాక పొడి అద్దం మీద కీచుమంటూ పరుగులు తీస్తుంది. చింతచెట్ల కింద నీడా ఎండా మారి మారి పడుతుంటే వాటినీ వానే అనుకుంటుంది. దాని చురుకుదనాన్ని పెంచడానికి, తగ్గించడానికి స్టీరింగ్ పక్కనుండే వైపర్ కాడ మీద ఒక చిన్న చక్రం ఉంది. నా ప్రయాణాలన్నీ ఆ చక్రం తిప్పడంతోనే సరిపోయేవి. కాడను కాస్త కిందికి నొక్కి చేత్తో నడుపుకోవచ్చని నాకు తెలుసు. కానీ అలా చేస్తే ఓడిపోయినట్టుండేది. ఇది మంత్రం కాదు, శాస్త్రం. ఇవాళ కాకపోతే రేపు సరిగ్గా చూస్తుంది అనుకునేదాన్ని.

చలికాలం వచ్చింది. చెరకు గానుగ మొదలైంది. బోధన్ గాలి మొత్తం తియ్యనైంది. పొద్దున్నే పొగమంచులో చెరకు బండ్లు ఒకదాని వెనక ఒకటి, ఎడ్లు నిద్రలో నడుస్తున్నట్టు నడుస్తాయి. ఫ్యాక్టరీ గొట్టం నుంచి నల్లటి నుసి ఆరేసిన బట్టల మీద, వాకిట్లో ముగ్గు మీద మెల్లగా దిగుతుంది. అలాంటి ఒక ఉదయం అవ్వను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఎడపల్లి దాటాక వైపర్లు లేచాయి. మెల్లగా అటు పోయి, మెల్లగా ఇటు వచ్చి, పడుకున్నాయి. కాసేపటికి మళ్లీ.

అవ్వ చాలాసేపు చూసింది. దగ్గు కూడా ఆపుకుని చూసింది. తర్వాత మామూలు గొంతుతో, ఎవరో చుట్టం వచ్చాడని చెప్పినట్టు చెప్పింది.

"మీ బాపు."

నేను నవ్వాను. వివరించాను. అద్దం నడుమ, లోపలి వైపు, ఒక చిన్న దీపం లాంటిది ఉంటుంది. దాని వెలుగు గాజుకు తగిలి లోపలికే తిరిగొస్తుంది. గాజు మీద నీళ్లుంటే కొంత వెలుగు బయటికి పోతుంది, తిరిగొచ్చేది తగ్గుతుంది, తగ్గితే వాన అని లెక్క. ఇదంతా ఆమె భాషలోకి తేవాలని తంటాలు పడ్డాను.

"గా అద్దం నడుమల చిన్న కన్నసొంటిది ఉంటది అవ్వా. నీళ్లు పడ్తె గదే చూస్తది, చూసి తుడుస్తది."

"కన్నా? ఎవరి కన్ను?"

"ఎవరిది కాదు. మిషన్‌ది."

"మిషన్ కన్నయితె తప్పు సూస్తదా బిడ్డా? తప్పు సూసేది మనిషే. కండ్లు మసకలైనంక మీ బాపు ఎండల గూడ వాన పడ్తుందనెటోడు. మర్సినవా?"

ఇన్ని సభల్లో, ఇంతమంది పెద్దమనుషులతో వాదించాను, అవతలి పక్షం నుంచి ఇంత బలమైన మాట ఎప్పుడూ వినలేదు. పొడి అద్దం మీద వైపర్లు మళ్లీ లేచి, అరచెయ్యి గాలిలో ఆడినట్టు ఆడి, పడుకున్నాయి.

అప్పటినుంచి అవ్వ ప్రయాణాల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. ముందు సీట్లో కూర్చుని అద్దంతో మాట్లాడేది. ఈసారి చెరకు బాగా పండిందని చెప్పేది, ఎవరి ఇంట్లో పెళ్లయిందో చెప్పేది. మధ్యలో వైపర్ కదిలితే తలూపేది. ఆమె ముఖంలో ఆ వెలుగు చూసి, ఊరుకుంటే ఏం పోతుంది అని మీరనొచ్చు. నేను ఊరుకోలేను. ఇది సహాయం చేసే బాపు కాబట్టి బాగుంది. అదే నమ్మకం రేపు ఇంకొకరి ఇంట్లో హాని చేసే ముసలమ్మ అవుతుంది, జనం ఆ ముసలమ్మను చెట్టుకు కట్టేస్తారు. దానికి వ్యతిరేకంగానే కదా నేను ఊరూరా తిరిగింది. అవ్వకు కావలసింది ఆ కారులో బాపు. నాకు కావలసింది, మా ఇంట్లోనైనా, కారణం లేకుండా ఏదీ కదలదని అవ్వ ఒప్పుకోవడం.

ఒకసారి కాడను 'ఆటో' అన్న గుర్తు మీద నుంచి తీసేసి చేత్తో నడిపే పద్ధతికి మార్చాను. వైపర్లు కదలకుండా పడుకున్నాయి. కొంత దూరం పోయాక అవ్వ కారు ఆపమంది.

"ఆయనను దింపినవు. నన్ను గూడ దింపు. బస్సుల పోత."

బస్సులో పోతే ఆమె ఊపిరి ఏమవుతుందో నాకు తెలుసు. దింపితే నిజంగానే దిగుతుందనీ తెలుసు. కాడను మళ్లీ ఆటో మీదికి తోశాను. ఇక ఒక్కటే దారి. అది ఎందుకు తప్పు చూస్తుందో కనిపెట్టాలి, దాన్ని బాగుచేయాలి. సరిగ్గా వాన పడినప్పుడే, వాన కోసమే అది కదిలితే, అవ్వ దానికి వేరే పేరు పెట్టడానికి వీలుండదు.

నిజామాబాద్‌లో కార్ల కరెంటు పనులు చేసే ఒక భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వైర్ల జోలికి పోలేదు. అద్దం బయట వేలితో గీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా, గాడీకి తంబాకు అలవాటు జేసిండ్రు. ఇగ అది ఊకుంటదా?"

అప్పుడు తెలిసింది. ప్రతి ప్రయాణానికి ముందు, నేను ఇంటికి తాళం వేసే ఆ కాస్త సమయంలో, అవ్వ తన పాత మూటతో అద్దం రుద్దుతోంది. ఆ పొర సరిగ్గా ఆ కన్ను మీద కూడా పడుతోంది. పొర ఉన్నప్పుడు దానికి ఎండ వానలా, వాన ఎండలా కనబడుతుంది. బాపు కళ్లకు కమ్మింది ఏదో, దీనికీ అదే కమ్మింది అనుకోండి.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. కారణం దొరికిన ఉత్సాహంలో సభలో చెప్పినంత గట్టిగా చెప్పాను. తంబాకు రుద్దుతున్నది ఆమే, కాబట్టి వైపర్‌ను కదిలిస్తున్నదీ ఆమే. అవ్వ నెమ్మదిగా విని, రుద్దకపోతే ఆయనకు ఎట్లా కనబడుతుందని అడిగింది. నేను అద్దం కడిగాను. ఆమె రుద్దింది. నేను సబ్బుతో కడిగాను. ఆమె, సబ్బు మీద తంబాకు ఇంకా బాగా పడుతుందంది. అలా చలికాలం గడిచిపోయింది, నేను కడుగుతూ, ఆమె రుద్దుతూ.

ఫాల్గుణం దగ్గరపడ్డాక, గానుగ ఇంకా నడుస్తుండగానే, ఒక సాయంత్రం నిజామాబాద్ నుంచి తిరిగి వస్తున్నాం. ఆ పొద్దున అద్దాన్ని నేను ఎంతో శ్రద్ధగా కడిగాను. డాక్టరు రాసిన మందులు కొనడానికి నేను దుకాణంలో నిలబడ్డప్పుడు కాలం కాని మబ్బు పట్టింది. వచ్చి చూస్తే అవ్వ బుద్ధిమంతురాలిలా సీట్లో కూర్చుని ఉంది. ఆమె చేతులు తడిగా ఉన్నాయి. నేను గమనించాను, కానీ మబ్బు తొందర పెట్టింది.

జానకంపేట దాటాక వాన అందుకుంది. మొదట అది చాలా అందంగా ఉందని చెప్పాలి. తంబాకు పొర మీద నీళ్లు పలచగా, చప్పుడు లేకుండా జారాయి. చెరకు తోటలు, వాటి మీద తెల్లటి వెన్నులు, దూరంగా కాలువ గట్టు, అన్నీ కరిగి ఒకదానిలోకి ఒకటి పోతున్నాయి. కారులో ఆ పాత వాసన లేచింది. నడుమ సీటు లేకపోయినా నేను నడుమ కూర్చున్నట్టే ఉంది. ఇటు అవ్వ ఉంది. అటు ఎవరో ఉన్నట్టే ఉంది. ఒక్క వైపర్ చప్పుడే లేదు.

తర్వాత గాలి వచ్చింది. గాలితో నుసి వచ్చింది. నీళ్లూ నుసీ కలిసి అద్దం బూడిద రంగుకు తిరిగింది. వైపర్లు కదల్లేదు.

"ఆగు" అంది అవ్వ. "తుడుస్తడు."

నేనూ ఆగాను. ఇంత వాన పడుతోంది, ఇప్పుడు చూస్తుంది, ఇదిగో ఇప్పుడు చూస్తుంది అనుకుంటూ, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, కారును పోనిస్తూనే ఉన్నాను. అద్దంలో ఒక ఎర్రటి మరక ఊగింది. ఎక్కడిదో పువ్వు అనుకున్నాను. కళ్లు దాన్ని పువ్వుగానే చూస్తున్నాయి.

"ఆయన ఒక్కనితోని కాదు" అంది అవ్వ, తనలో తాను అనుకున్నట్టు. కిటికీ అద్దం దించింది. వాన లోపలికి కొట్టింది. ఆమె ఆ ముసలి నడుమును వంచి, తలా భుజమూ బయటపెట్టి, ఎనభైల్లో చేసినట్టే వైపర్ కోసం చెయ్యి చాచింది.

ఆ తల బయట ఉండటం చూసి నా చెయ్యి కాడ మీదికి పోయింది, కాలు బ్రేకు మీదికి పోయింది. వైపర్లు ఒక్క ఊపున లేచాయి. అద్దం తెరుచుకుంది. ఆ ఎర్రటి మరక చెరకు ట్రాలీ చివర కట్టిన గుడ్డ పేలిక. మా ముందే, లైట్లు లేకుండా, రోడ్డు నిండా చెరకు. గడల కొసలు మా బానెట్ మీదికి వంగి ఉన్నాయి. కారు అక్కడ ఆగింది. ట్రాలీ దాని మానాన అది మెల్లగా దూరమైంది.

అవ్వ వేళ్లకు వైపర్ తగిలింది. ఆమె చేతిని లోపలికి తీసుకుని, ఆ వేళ్లను చూసుకుంది. ముఖం నిండా వాన.

"బాపేనా?" అని అడిగింది.

అవునని ఒక్క మాట అంటే చాలు. ఆమె మిగిలిన రోజులన్నీ ఆ మాట మీద బతికేది.

"నేనే అవ్వా. చేతితోని తిప్పిన."

ఆమె కొంగుతో వేళ్లు తుడుచుకుంది. వైపర్లు అటూ ఇటూ పోతున్నాయి. ఆ చప్పుడు కాసేపు విని, అప్పుడు అడిగింది.

"నేనంటె మీ బాపు కోసం ఆగిన. అంతసేపు నువ్వు ఎవరి కోసం ఆగినవు?"

ఆ కారులో దానంతట అదే కదిలే దానికోసం ఎదురుచూసిన వాళ్లం ఇద్దరం. ఒకరు తాను ప్రేమించిన మనిషి కోసం, ఇంకొకరు ఏజెంటు చెప్పిన మాట కోసం. నేను నా నమ్మకానికి శాస్త్రం అని పేరు పెట్టుకున్నాను. శాస్త్రం అంటే కన్ను తెరిచి చూడటం, తప్పయితే మార్చుకోవడం. వానాకాలమంతా అది తప్పు చూస్తుంటే నేను చూశాను, మార్చుకోలేదు. ఆ అరుగుల మీద నేను తిట్టిపోసింది సరిగ్గా దీన్నే.

ఫ్యాక్టరీ లైట్లు వానలో పసుపు పచ్చగా కనబడ్డాక అవ్వ అంది, "ఇగ నువ్వే తిప్పు."

ఆ తర్వాత ఆమె కారు ఆపమని గానీ, దింపమని గానీ అడగలేదు. డాక్టరు దగ్గరికి నాతోనే వచ్చింది. తంబాకు రుద్దడం మానలేదు, నేను కడగడం మానేశాను. చేత్తో నడిపే వైపర్‌కు ఆ పొరతో ఏ పేచీ లేదు, పైగా అద్దం శుభ్రంగా కనబడుతుంది. అద్దంతో మాట్లాడటం తగ్గించి నాతో మాట్లాడేది. బాపు వైపర్లు బిగించేటప్పుడు పెదవి కొరుక్కునేవాడనీ, వాన పడితే ఆయనకు పాట వచ్చేదనీ, ఆ పాట ఎప్పుడూ సగంలోనే ఆగిపోయేదనీ. అంతకుముందు ఆ మాటలన్నీ ఆయనకే చెప్పేది కాబట్టి నాకు తెలియలేదు. మొదటి చినుకు అద్దం మీద పడగానే ఇద్దరం ఒకేసారి చూసేవాళ్లం. ఆమె ముందు అనేది, "పడ్తుంది, తిప్పు." నేను తిప్పేదాన్ని.

మీ కారులో కూడా ఆ కాడ ఉంది. కాడ లేని వాళ్ల దగ్గర ఇంకేదో ఉంది, మీరేం ఆలోచించాల్సిన పని లేదని చెప్పేది ఏదో ఒకటి. ఈ పుస్తకం పక్కన పెట్టండి. లేచి బండి దగ్గరికి వెళ్లండి. ఆ కాడను ఆటో మీది నుంచి కిందికి దించండి. వాన వచ్చినప్పుడు మీ కంటితో చూడండి, మీ చేత్తో తిప్పండి. పక్క సీట్లో ఉన్నవాళ్లు ఎవరు తిప్పారని అడిగితే, వాళ్లు ఎంత ఆశతో అడిగినా సరే, నిజం చెప్పండి.